గరుత్మంతుడి సీసా

మా అపార్టుమెంటులో ఈమధ్య ఎవరూ గిన్నెలు తిరిగి అడగడం లేదు. ఎదురింటివాళ్ళు పులిహోర పంపినా, పైఅంతస్తు అమ్మాయి కేకు పంపినా, ఏదో హోటలు నుంచి వచ్చిన పల్చటి ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి పంపుతారు. కడిగి తిరిగివ్వబోతే "అయ్యో, పడేయండి ఆంటీ" అంటారు. పడేయలేను. మా వంటింటి పైఅరలో అలాంటి డబ్బాలు పదిహేడున్నాయి, మూతలు మాత్రం ఇరవై రెండు. ఇదెలా సాధ్యమో బి.ఎస్సీ. చదివినా నాకు అంతుబట్టలేదు. డబ్బాలతో నాకు పేచీ లేదు. తిరిగివ్వాల్సిన గిన్నె లేనప్పుడు, అందులో ఏం పెట్టి పంపాలన్న ఆలోచన కూడా ఇంట్లోంచి వెళ్ళిపోతుంది. మా అత్తగారి లెక్కలో పొరుగింటి గిన్నెను ఖాళీగా పంపడమంటే వచ్చిన మనిషిని గుమ్మంలోంచే పంపేయడంతో సమానం. ఏమీ లేకపోతే చిటికెడు పంచదారైనా వేయాలి. ఆవిడ ఈ నియమాన్ని కాకినాడ నుంచి ఒమన్ దాకా మోసుకొచ్చారు. అక్కడ ఆ నియమం ఒక మనిషి ఉద్యోగం తీసింది. నియమం తీసిందనడం నాకు అలవాటైపోయింది గానీ, తీసింది నేను.

కిందటి నెల సేఫ్టీపిన్ను కోసం కుట్టుడబ్బా బోర్లిస్తే ఒక బిరడా దొర్లుకుంటూ వచ్చింది. బొటనవేలంత బెరడుముక్క, ఒళ్ళంతా సూదులు గుచ్చి ఉంది. నలభై ఏళ్ళకు పైగా నా సూదులు దాన్లోనే ఉంటున్నాయి. ప్రతిసారీ సూది తీసుకుంటూనే ఉన్నాను, దాన్ని మాత్రం చూడలేదు. కొన్ని వస్తువులను అలా చూడకుండా వాడుకోవడానికి మంచి సాధన కావాలి. ఆ సాధన నాకుంది.

అది డెబ్బయిల సంగతి. సోహార్ ఊరి బయట, కొండలవైపు, రాగి కోసం నేలను తవ్వి చూసే కంపెనీ ఒకటి క్యాంపు పెట్టింది. మా ఆయన అక్కడ లాబొరేటరీలో కెమిస్టు. తెల్లారేసరికి రాళ్ళు వచ్చేవి, సాయంత్రానికి వాటిలో రాగి లేదని ఈయన రాసిచ్చేవారు. ఉన్న రోజున పండగ. రేకుల క్యాబిన్లు రెండు వరుసలు, మధ్యలో ఇసుక, ఇసుకలో ఎవరో ఆశపడి నాటిన వేపమొక్కలు. నాకు ఇరవై రెండేళ్ళు, పెళ్ళయి ఎనిమిది నెలలు. పెళ్ళితోపాటు ఒక అత్తగారు, ఒక ఎయిర్ కండిషనరు సంక్రమించాయి. రెండూ రోజంతా మోగుతూనే ఉండేవి. అత్తగారు మంచావిడ, ఆ మాట ముందే చెప్పాలి, లేకపోతే తర్వాత చెప్పేవి విని మీరు నమ్మరు. భర్త పోయాక ఒక్క కొడుకునీ వదిలి ఉండలేక, సముద్రం దాటకూడదన్న శాస్త్రాన్ని "విమానం సముద్రాన్ని ముట్టుకోదుగా" అని సర్దుకుని వచ్చారు. అత్తగారికీ నాకూ ఆర్నెల్ల పర్మిషనే ఉండేది. ఆ తర్వాత కుటుంబం ఉండాలంటే క్యాంపు మేనేజరు ఇంకో కాగితం మీద సంతకం చేయాలి.

ఆ మేనేజరు అమెరికావాడు. కూలీలందరూ ముదీర్ అనేవాళ్ళు, అంటే పెద్దాఫీసరు. ఎర్రటి మెడ, పొట్టి నిక్కరు, పొడుగు కోపం. ఆయన భార్య మార్తా. మా అత్తగారు మార్తమ్మ అనేవారు. యాభై దాటిన మనిషి, మోకాళ్ళ నొప్పులు, చేతులెప్పుడూ ఏదో పనిలో ఉండేవి. వాళ్ళింటి వంటగది కిటికీలో ఆరు సీసాలు వరసగా ఉండేవి. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు వాటిని చూసి, ఇంత పెద్ద ఆఫీసరింట్లో సాసు సీసాలు కూడా పారేయరా అనుకున్నాను. పొద్దుటెండ పడగానే అర్థమైంది. నేలమీద సముద్రపు ఆకుపచ్చ, తేనెరంగు, పాచిరంగు మరకలు పడ్డాయి. ప్రతి సీసా గాజులోనూ ఒక బొమ్మ పైకి లేచి ఉంది. ఒకదాని మీద ధాన్యపు కంకుల మోపు. ఒకటి ఫిడేలు ఆకారం. ఒకదాని మీద గంభీరంగా ఎవరో పెద్దమనిషి ముఖం, వాళ్ళ దేశానికి ఎప్పటి నాయకుడో. ఒకదానికి ఇటు రెక్కలు చాచిన గద్ద, అటు కొమ్ములోంచి ఒలికిపోతున్న పళ్ళు.

అవి వాళ్ళ ముత్తవ్వవని చెప్పింది మార్తా. ఆ రోజుల్లో అక్కడ ఇనప అచ్చులో కరిగిన గాజు పెట్టి, గొట్టంతో మనిషి ఊపిరి ఊదితే అచ్చులోని బొమ్మ గాజుకు అంటుకునేదట. అచ్చు రెండు చెక్కలు కనక సీసా పక్కన అతుకు గీత ఉంటుంది. అడుగున, పట్టుకోవడానికి అంటించిన ఇనప ఊచను విరిచిన చోట, బొడ్డులాంటి గరుకుమచ్చ. ఆ మచ్చ మీద నా వేలు పెట్టించి చూపించింది. అవి అలంకారానికి చేసినవి కావు, విస్కీ పోసుకోవడానికి. ముత్తాత విస్కీ తాగడం ముగించాక, అంటే పోయాక, ముత్తవ్వ వాటిని కడిగి ఒకదాన్లో పళ్ళరసం పులియబెట్టిన వెనిగరు, ఒకదాన్లో బెల్లంపాకం, ఒకదాన్లో మోకాళ్ళకు రాసుకునే కర్పూరతైలం పోసుకుందిట. సీసా పట్టుకుని కొట్టుకెళ్ళి ఏం కావాలంటే అది నింపించుకు రావడమే, పారేయడమన్నది లేదు. ఇది విని నేను నవ్వాను. మా తెనాలి ఇంట్లో మెడకు పురికొస కట్టిన సీసా పట్టుకుని కిరసనాయిలుకు వెళ్ళింది నేనే. అమెరికా అంటే పుట్టుకతోనే కారులో తిరిగిందని మాకు కాలేజీలో ఎవరూ చెప్పకుండానే నమ్మకం. "వాడకుండా కిటికీలో నిలబెడితే సీసా దిగులు పెట్టుకుంటుంది" అంది మార్తా. ఆ ముత్తవ్వ మాటే అది. అందుకని వాటిలో నిజంగానే ఏవో పోసి వాడేది.

ఆ సీసాలు రోజూ తుడిచేది మల్లయ్య. కంపెనీకి కూలీగా వచ్చి, చేతివాటం చూసి బంగళా డ్యూటీలో వేస్తే అక్కడే ఉండిపోయాడు. జగిత్యాల వైపు పల్లె. ముప్పై ఏళ్ళుంటాయి. చిరిగిన బనీను ముక్కతో ఒక్కో సీసాను పసిపిల్ల మొహం తుడిచినట్టు తుడిచేవాడు. వాటికి పేర్లు కూడా పెట్టుకున్నాడు: పిట్ట సీస, వడ్ల సీస, ఫిడేలు సీస. పెద్దమనిషి ముఖం ఉన్నదాన్ని పంతులు సీస అనేవాడు. "మా ఊరి పెద్దపంతులు అచ్చం గిట్లనే మూతి ముడుస్తడమ్మా. గీన్ని తుడిచినప్పుడల్ల ఎక్కాలు అడుగుతడేమోనని బుగులైతది." రెండేళ్ళలో ఒక్క సీసా పగలలేదు. శుక్రవారం సెలవు కాబట్టి మా క్యాబిన్ మెట్ల మీదికి వచ్చేవాడు, ఉత్తరం రాయించుకోవడానికి. చదువుకున్నదాన్ని కదా, ఆ చదువుకు అక్కడ ఉన్న ఉద్యోగం అదొక్కటే. వాళ్ళావిడ పేరు లచ్చవ్వ. ప్రతి ఉత్తరంలోనూ బావి గురించే. ఊళ్ళో ఉన్న ఎకరన్నరలో బావి తవ్విస్తున్నాడు. ఎన్ని గజాలు దిగింది, బండ పడిందా, నీటిజాడ కనిపించిందా. "ఇంకొక్క ఏడాది ఆగితె నీళ్ళు పడ్తయని రాయమ్మా. పడకపోతె ఇంకో ఏడాది." ఆ బావి నేను చూడలేదు గానీ, లోపలి మట్టి రంగు దగ్గర్నుంచి నాకు తెలుసు. నా చేతిరాతలోనే అది దిగింది.

ఎండాకాలంలో మార్తా మాకు నిమ్మకాయ షర్బతు పంపింది, బిరడా బిగించిన పిట్ట సీసాలో. మా అత్తగారు ఆ సీసా చూసి రెండు చేతులూ జోడించారు. "గరుత్మంతుడమ్మా! వాళ్ళ దేశంలో కూడా!" వెనకవైపు తిప్పి పళ్ళు ఒలికే కొమ్ము చూసి "అక్షయపాత్ర" అని తేల్చారు. షర్బతు అయిపోయాక సీసాను కడిగి, తుడిచి, దేవుడి అరలో వెంకటేశ్వరస్వామి పటం పక్కన పెట్టారు. రోజూ ఒక కుంకుమ బొట్టు. అది విస్కీ సీసా అని నాకు తెలుసు. చెప్పలేదు. కొత్త కోడలు అత్తగారితో అన్నీ చెప్పకూడదని మా అమ్మ చెప్పి పంపింది. ఇలాంటి సంగతి అమ్మ దృష్టిలో ఉందో లేదో తెలియదు.

సీసా తిరిగి పంపాలి, అయితే ఖాళీగా కాదు. ఏం పోయాలన్నదాని మీద అత్తగారు మూడురోజులు ఆలోచించి నెయ్యి అని నిర్ణయించారు. వెన్న డబ్బాలో వచ్చేది, ఏ దేశం ఆవుదో తెలియదు. చూడని ఆవును నమ్మలేనని ఆవిడ గొణుగుడు. అయినా కాచారు. చివర్న వేయడానికి మునగాకు లేదని బాధపడి, నిమ్మాకు ఒకటి తుంచి వేశారు. ఇల్లంతా కమ్మటి వాసన. ఎడారి మధ్య, రేకుల డబ్బాలో, కాసేపు కాకినాడ. నెయ్యి దించి, "చల్లారాక పోయి అమ్మాయ్, తొందరపడకు" అని చెప్పి స్నానానికి వెళ్ళారు. అంతలో మల్లయ్య గుమ్మంలోకి వచ్చాడు. "అమ్మా, మేడం పిట్ట సీస అడుగుతున్నది. చుట్టాలొచ్చిండ్రు మస్కటు నుంచి, సూపియ్యాల్నట. జల్ది జెర." క్యాంపు కుళాయి నీళ్ళు ఉప్పన, సీసా కడిగితే తెల్లమరకలు పడతాయి. అందుకని ఫ్రిజ్‌లోంచి మంచినీళ్ళు తీసి లోపలా బయటా తొలిచాను. బొట్టు చెరిపాను. గుడ్డతో తుడిచి, గరాటు పెట్టి, పొగలు పోతున్న నెయ్యి పోశాను.

నేను బి.ఎస్సీ. ఫిజిక్సు. వేడికి పదార్థాలు వ్యాకోచించుట అన్న పాఠంలో, మందపాటి గాజుపాత్రలో వేడిద్రవం పోసిన ఏల పగులును, అన్న ప్రశ్నకు పదికి తొమ్మిది వచ్చాయి. ఆ ఒక్క మార్కు ఎక్కడ పోయిందో ఆరోజు తెలిసింది.

పెద్ద చప్పుడు కూడా కాలేదు. గోటితో గిల్లినట్టు ఒక చిన్న 'టిక్'. సీసా నా చేతిలోనే ఉంది, అడుగు మాత్రం గట్టుమీద చిన్న పళ్ళెంలా, గుండ్రంగా, నీటుగా ఉండిపోయింది. నెయ్యి గట్టంతా పారి నేలమీదికి కారుతోంది. గద్ద రెక్క చివర్న మాత్రం సన్నటి గీత. మల్లయ్య ముందు నేల తుడిచాడు, నేను జారిపడతానని. ఆ తర్వాత నా చేతిలోంచి మెల్లగా సీసా తీసుకున్నాడు.

"ఏడ్వకమ్మా. కాలలేదు గదా చెయ్యి?"

"మార్తాగారికి ఏం చెప్పను మల్లయ్యా? వాళ్ళ ముత్తవ్వది."

"నువ్వేం జెప్పకు. నేను తేంగ నా చేతుల పలిగిందని చెప్త. రెండేండ్లల ఒక్కటి పలగ్గొట్టలె. ఒక్కటి పోతె ఖల్లీవల్లీ, పోతె పోనీ అంటది మేడం. రెండు తిట్లు తిడ్తది, గంతే. నీకైతె కొత్త సంసారం."

ఇంతలో అత్తగారు తడిజుట్టుతో వచ్చి చూశారు. గరుత్మంతుడు విరిగితే అరిష్టమని ముందు కంగారుపడ్డారు. తర్వాత మల్లయ్య ఏమంటున్నాడో విన్నారు. నన్ను పక్కకు పిలిచి గొంతు తగ్గించి, "వాడంతట వాడే చెప్తానంటున్నాడుగా. మగవాడు, పనివాడు, వాడికైతే మాట పడ్డా సరిపోతుంది. మన కాగితం మీద సంతకం చేసేది మార్తమ్మ వాళ్ళాయనేగా" అన్నారు. అప్పుడు ఆవిడను కసాయిదనుకున్నాను. ఇప్పుడాలోచిస్తే, ఆవిడ నా మనసులో ఉన్నదే చదివి పైకి అన్నారంతే. మల్లయ్య సబ్బుతో ముక్కలు రెండూ కడిగి, గుడ్డలో చుట్టుకుని వెళ్ళాడు. సీసా బిరడా మాత్రం గట్టుమీదే ఉండిపోయింది.

మార్తా రెండు తిట్లు కూడా తిట్టలేదట. తిట్టింది ముదీర్. సాయంత్రం చుట్టాల ముందు భార్య కళ్ళు తుడుచుకోవడం చూశాడు. మర్నాడు మల్లయ్యకు బంగళా డ్యూటీ తీసేశారు. మూడోరోజు క్యాంపు ఆఫీసులో, అతని కాంట్రాక్టు ఆ నెలతో ముగుస్తోంది, మళ్ళీ రాయక్కర్లేదన్నారు. పాస్‌పోర్టు చేతికిచ్చారు. ఖలాస్. వారంలో విమానం. ఇదంతా మా ఆయన చెప్పారు, లాబొరేటరీ నుంచి వచ్చి టీ తాగుతూ. నేను వెళ్ళి నిజం చెప్పేస్తానన్నాను. ఆయన కప్పు కింద పెట్టి, "మన కాగితం ఆయన బల్లమీదుంది. ఒక్క వారం ఆగు" అన్నారు. ఆగాను. ఆ విషయంలో నేను చాలా ఓర్పుగల మనిషినని అప్పుడే తేలింది.

శుక్రవారం మల్లయ్య మెట్ల మీదికి వచ్చాడు, ఆఖరి ఉత్తరానికి. ఇన్‌లాండ్ కవరు కూడా వాడే తెచ్చుకున్నాడు. తనకంటే రెండురోజులు ముందు ఉత్తరం చేరాలి, లేకపోతే గుమ్మంలో చూసి లచ్చవ్వ హడలిపోతుందని. ఒక ఇంజనీరు భారతదేశం వెళుతున్నాడు, చేతికిస్తే బొంబాయిలో వేస్తాడు.

"రాయమ్మా. నా చేతుల సీస పలిగింది. కంపెనీ పంపుతున్నది. బావి పని ఆపియ్యి."

"మల్లయ్యా, ఉన్నదున్నట్టు రాస్తాను. నా చేతిలో..."

"వద్దు. గది సదివేది ఊర్ల పంతులు. ఊరందరు ఇంటరు. లచ్చవ్వ నోరు మంచిది గాదు, జన్మంత నీకు శాపనార్థాలు పెడ్తది. నన్నయితె తిట్టుకుంట అన్నం పెడ్తది. నువ్వు గట్లనే రాయి."

రాశాను. నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయని కాలేజీలో పేరు. నా చేతుల సీస పలిగింది అని, ఎక్కడా కొట్టివేత లేకుండా, గుండ్రంగా రాశాను. వాడు కింద వేలిముద్ర వేసి, "అమ్మా, నెయ్యి మస్తు వాసనొచ్చింది ఆరోజు. రుచి సూడకపోతిమి" అని నవ్వి లేచాడు.

ఇంకో పదిరోజులకు మా కాగితం సంతకమై వచ్చింది. ఆ సాయంత్రమే మార్తా వచ్చింది. సంచీలోంచి సీసా అడుగుముక్క తీసి బల్లమీద పెట్టింది. కింద పడితే ముక్కలు ముక్కలవుతుంది, వేడికి మాత్రమే ఇలా గుండ్రంగా తెగుతుంది అంది, నావైపు కాదు, ముక్కవైపు చూస్తూ. తర్వాత సబ్బుకు లొంగని ఆ గరుకుమచ్చను ముక్కు దగ్గర పెట్టుకుని, "మీ ఇంటి వాసనే" అంది. నేను టీ పెట్టడానికి లేచాను. తిరిగొచ్చేసరికి ముక్కను మళ్ళీ సంచీలో పెట్టేసుకుంది. ఆవిడ భర్తకు చెప్పలేదు, నేను ఆవిడకు చెప్పలేదు, టీ బాగుందంది. ఆ తర్వాత మా ఇంటికి ఏది పంపినా రేకు డబ్బాలో పంపేది, తిరిగి ఇవ్వక్కర్లేదు అని చెప్పి మరీ. పైఅంతస్తు అమ్మాయి "పడేయండి ఆంటీ" అన్నప్పుడల్లా నాకు వినిపించేది ఆ గొంతే.

సోహార్‌లో పన్నెండేళ్ళున్నాం. ఈ ఫ్లాటు, పిల్లల చదువులు, నా మోకాళ్ళ ఆపరేషను, అన్నీ ఆ ఒక్క వారం ఓర్పు మీదే లేచాయి. బిరడా దొరికిన రోజు మా ఆయనకు చూపించాను. పేపర్లో గళ్ళు నింపుకుంటూ, "ఇప్పుడెందుకులే" అన్నారు. అప్పుడు "ఒక్క వారం", ఇప్పుడు "ఇప్పుడెందుకు". మా వాచ్‌మన్‌ది జగిత్యాల వైపే. ఊరి పేరు నాకు నోటికొచ్చు, అన్ని ఉత్తరాల మీద రాసినదాన్ని. చెప్పగానే అతను నవ్వాడు. "సీసోల్ల ఊరా అమ్మా? ఆడ సీస మల్లయ్య అని ఉండె. అమెరికా దొరసాని సీస పలగ్గొట్టి దుబాయి నుంచి ఎల్లగొట్టిచ్చుకున్నడు." వాళ్ళకు ఒమనైనా దుబాయే. అది కాదు నన్ను పట్టుకున్నది. ఉండె అన్నాడు.

పోయి అయిదేళ్ళయిందట. లచ్చవ్వ ఉందన్నాడు, వెతుక్కుంటూ ఆ ఊరు వెళ్ళాను. చిన్న పెంకుటిల్లు, ముందు సిమెంటు అరుగు. నేనెవరో చెప్పగానే "ఉత్తరాలమ్మవా?" అని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. బావి చూపించింది. రాళ్ళు పేర్చిన గుంత, లోపల్నుంచి తుమ్మచెట్టు మొలిచి గట్టుకంటే ఎత్తు పెరిగింది. బండ పడిన చోటే ఆగిపోయింది, ఆ తర్వాత ఎవరూ దిగలేదు. మల్లయ్య ఊళ్ళో కూలికి పోయాడట చివరిదాకా. ఆవిడ నవ్వుతూనే చెప్పింది, అలవాటైన నవ్వు. "పెండ్లిళ్ళల్ల గాజుగ్లాసు ఆయన చేతికియ్యకపోదురు. స్టీలు గ్లాసు తెండ్రిరా, సీస మల్లయ్య అచ్చిండు అని ఒకటే నవ్వుడు. నేను సుత అన్న ఎన్నోసార్లు. ఒక్క సీస పట్టరాని చేతులు, నీళ్ళేం తెస్తయి అన్న. ఆయన నవ్వేటోడు. మారు మాట్లాడేటోడు గాదు."

అప్పుడు చెప్పాను. ఫ్రిజ్‌ నీళ్ళ దగ్గర్నుంచి, నెయ్యి, మెట్ల మీద ఉత్తరం దాకా. జాగ్రత్తగా చెప్పాను, నా మీదికి జాలి రాకుండా, రావాలని కూడా. బిరడా తీసి ఆవిడ చేతిలో పెట్టాను. సూదులు తీసేసే తెచ్చాను, చిన్నచిన్న కన్నాలు మిగిలాయి. ఆవిడ దాన్ని అరచేతిలో అటూఇటూ దొర్లించింది. లేచి లోపలికెళ్ళింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. స్టీలు గ్లాసులో మంచినీళ్ళు తెచ్చి నా ముందు పెట్టింది. నేను తాగేదాకా చూసి, ఖాళీ గ్లాసు చేతికి తీసుకుని అంది:

"చెప్పనీకి నలభై ఏండ్లు ఆగినవు. నెయ్యి సల్లారెదాంక ఆగకపోతివా అమ్మా?"